నరసింహస్వామికి సున్నా మార్కులు

కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మేడం, క్లాసును కంట్రోల్ చేసుడెట్ల?" అని అడుగుతుంటారు. నాకు నవ్వొస్తుంది. క్లాసుదేముంది! నాలుగు కేకలేస్తే దానంతట అదే అణిగిపోతుంది. తంటా అంతా క్లాసు బయట ఉన్నవాళ్ళతోనే. వాళ్ళకు హోంవర్కు ఇవ్వలేం, గోడకుర్చీ వేయించలేం, పైగా మనకు జీతాలిచ్చేది వాళ్ళే. అందుకని ఆ పిల్లలకు చెప్పే ముచ్చటనే ఇక్కడ మీకూ చెబుతున్నాను. నా సర్వీసు మొత్తంలో నాకు ముచ్చెమటలు పట్టించిన పాఠం ఒకే ఒక్కటి. పదో తరగతి జీవశాస్త్రంలో, భూమ్మీద ప్రాణులు ఎలా మారుతూ వచ్చాయో చెప్పే పాఠం అది. మరీ పాత సంగతేం కాదు. పిల్లలకన్నా ముందు వాళ్ళ అమ్మానాన్నల వాట్సాప్ గ్రూపు నిద్రలేచే కాలంలోనే జరిగింది.

మా బడి వరంగల్ పాత బజారులో ఉండేది. బజారు వ్యాపారులే కమిటీగా కూడి కట్టించుకున్న ప్రైవేటు హైస్కూలు. కింద వరసగా దుకాణాల మడిగెలు, పైన మా తరగతులు. మిర్చి సీజనులో కింద గోదాము తలుపు తెరిచారంటే, పైన పిల్లలూ నేనూ కలిసి తుమ్ముకుంటూ కిరణజన్య సంయోగక్రియ చదువుకునేవాళ్ళం. ల్యాబ్ అంటే ఒక బీరువా, అందులో ఒక మైక్రోస్కోపు. షావుకార్ల బడి కాబట్టి కప్పను కోయడం సంగతి దేవుడెరుగు, కోడిగుడ్డు తెచ్చి పెంకు చూపించినందుకే ఒకసారి పెద్ద పంచాయితీ అయింది. అయినా ఆ బడి అంటే నాకు ప్రాణం.

కమిటీ ప్రెసిడెంటు గారిది బజారులో పెద్ద బట్టల దుకాణం. మంచి మనిషి. కడుపులో ఏదీ దాచుకోరు. పొద్దున ఫ్యాను పాడైందని కబురు పెడితే మధ్యాహ్నానికల్లా కొత్తది వచ్చేది. నచ్చని టీచరును కూడా అంతే తొందరగా తొర్రూరుకు పంపేవారు. తొర్రూరులో కమిటీకి ఇంకో బడి ఉంది. ఆ ఊరితో నాకే పేచీ లేదు, మా మేనత్త ఊరే అది. కానీ మా స్టాఫ్ రూములో ఎవరైనా "తొర్రూరు" అన్నారంటే మిగతా అందరికీ అన్నం సహించేది కాదు.

ఇక మా తెలుగు సార్. నాకు సొంత అన్న లెక్క. నన్ను "చెల్లె" అనేవారు. నేను అందరి ముందు "సార్" అనీ, ఎవరూ లేనప్పుడు "అన్నా" అనీ పిలిచేదాన్ని. మధ్యాహ్నం ఇద్దరం టిఫిన్ డబ్బాలు పక్కపక్కన పెట్టుకుని, ఒకరి కూరకు ఒకరు వంకలు పెట్టుకుంటూ తినేవాళ్ళం. శనివారం సాయంత్రాలు ఆయన బజారులోని గుడి మండపంలో పురాణం చెప్పేవారు. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. ఆయన ఏడిపించాలనుకుంటే కిరాణా షావుకార్లు కూడా కండువాతో కళ్ళు ఒత్తుకునేవారు. నేను మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. నాకు పురాణాల మీద కోపం లేదు, శనివారం సాయంత్రం పేపర్లు దిద్దుకోవడమే సరిపోయేది.

ఆ ఏడు ఒక శనివారం ఆయన దశావతారాలు ఎత్తుకున్నారు. మొదటిది చేప, నీళ్ళలో ఉంటుంది. తర్వాత తాబేలు, నీళ్ళలోనూ నేలమీదా ఉంటుంది. తర్వాత వరాహం, పూర్తిగా నేలమీది జంతువు. తర్వాత సగం జంతువు, సగం మనిషి అయిన నరసింహుడు. ఆ తర్వాత పొట్టి మనిషి వామనుడు, గొడ్డలి పట్టిన పరశురాముడు, విల్లు పట్టిన రాముడు. అలా మెట్టు మెట్టుగా ఎక్కించుకుపోయి, చివర్లో గొంతు పెంచారట.

"చూసిండ్రా? ప్రాణులు మారుకుంట వచ్చినయని తెల్లగడ్డం దొర ఒకాయన మొన్నమొన్న కనిపెట్టిండు. మన ఋషులు యుగాల కిందనే రాసిపెట్టిండ్రు! ఇది కట్టుకథ గాదు, అక్షరాల జరిగిన చరిత్ర! దీనికి సైన్సే సాక్ష్యం!"

చప్పట్లతో మండపం దద్దరిల్లిందట. ఎవరో ఫోనులో వీడియో తీశారు. ఆ రాత్రికల్లా బజారులో ఆ వీడియో చూడని ఇల్లు లేదు. సోమవారం పొద్దున మా తెలుగు సార్ బడికి కొత్త పెళ్ళికొడుకులా వచ్చారు. నేను కూడా, "అన్నా, బజారంతా నీ ముచ్చటే" అని నవ్వేసి ఊరుకున్నాను. నా పాఠంలోకి అది నడిచొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

అప్పటికి సగం వరకు చెప్పిన ఆ పాఠం నుంచి అర్ధసంవత్సర పరీక్షల్లో నేనొక ప్రశ్న ఇచ్చాను. జీవులు కాలక్రమంలో మారుతూ వచ్చాయనడానికి ఆధారాలు రాయండి అని. పేపర్లు ఇంటికి తెచ్చుకుని దిద్దడం మొదలుపెడితే మొదటి పేపరులో చేప, తాబేలు, పంది. రెండో పేపరులో చేప, తాబేలు, పంది. సగం క్లాసు అదే రాసింది. ఒకడు తాబేలు బొమ్మ వేసి, దాని నుంచి పందికి బాణం గుర్తు పెట్టాడు. "తాబేలు ఎక్కువ దూరం నడవలేక వరాహముగా మారెను" అని కారణం కూడా చెప్పాడు పాపం. ఇంకొకడు కల్కి అవతారం ఇంకా రాలేదు కాబట్టి పరిణామం పెండింగులో ఉందని రాసి, కల్కిని గుర్రం మీద కాక బుల్లెట్ బండి మీద ఎక్కించాడు. నేను కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతుంటే మా ఆయన వంటింట్లోంచి వచ్చి, "ఏమైంది నీకు, మంచిగనే ఉన్నవా?" అని అడిగారు.

నవ్వు తగ్గాక ఒళ్ళు మండింది. చేపలూ పందులూ రాసినందుకు కాదు నా బాధ. తాబేలు నుంచి పంది ఎలా వస్తుందని ఇంతమందిలో ఒక్కరికీ అనుమానం రాలేదే! ఆరో తరగతిలో ముక్కు తుడుచుకుంటూ వచ్చినప్పటి నుంచి నేను పెంచిన క్లాసు అది. "చూడకుండ నమ్మకుండ్రి, అడగకుండ రాయకుండ్రి" అని వాళ్ళ చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరాను. వీళ్ళేమో చప్పట్లు వినిపించగానే జవాబు దొరికిందనుకున్నారు. రేపు పబ్లిక్ పరీక్షలో ఎక్కడో దిద్దేవాళ్ళు దీనికి ఒక్క మార్కైనా వేస్తారా? అలా రాసిన అందరికీ సున్నాలు చుట్టాను. క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి రెండు పేజీల నిండా ఇదే రాస్తే, దాని కింద ఎర్ర ఇంకుతో, "ఇది పరీక్ష, పురాణ కాలక్షేపం కాదు" అని పెద్ద అక్షరాలతో రాశాను. ఆ అమ్మాయి ప్రెసిడెంటు గారి బిడ్డ. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను.

పేపర్లు పంచిన మర్నాడు ప్రెసిడెంటు గారు దుకాణం మునీముకు అప్పజెప్పి నేరుగా బడికి వచ్చారు. ఒక చేతిలో ఆ పేపరు, ఒక చేతిలో ఫోను.

"మేడం, మా బిడ్డకు సున్నా ఎందుకేసిండ్రు?"

"అడిగినదానికి జవాబు రాయలే షావుకారి గారూ."

"రెండు పేజీలు రాసింది గద!"

"రాసింది. అండ్ల జవాబు లేదు."

"ఇగో, ఈ వీడియో చూడుండ్రి. మన బళ్ళె సారే చెప్తాండు. సార్ చెప్పింది తప్పా? పురాణం తప్పా?"

"పురాణం తప్పని నేనెక్కడన్న అన్ననా? నేను ఆధారాలు అడిగిన. ఆధారమంటే తవ్వితె దొరకాలె, చూస్తె కనపడాలె, పక్కపక్కన పెట్టి పోల్చితె తెలవాలె."

ఆయన నా వైపు అనుమానంగా చూశారు. "అంటే, అవతారాలు జరగలేదంటరా?"

ఇక్కడ కొంచెం తీయగా మాట్లాడి తప్పించుకోవచ్చు. నా నోరు అలాంటిది కాదు. "జరిగినయని చెప్పెటందుకు నా దగ్గర ఆధారం లేదు షావుకారి గారూ. ఆధారం లేనిది నేను క్లాసుల చరిత్ర అని చెప్పలేను" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "మా ఇలవేల్పు నరసింహస్వామి. మా సామికే సున్నా వేసినట్టున్నది మీరు. ఆదివారం కమిటీ మీటింగు పెడ్తాన. మార్కులు దిద్ది, పాఠం సార్ చెప్పిన తీరుగ చెప్తనని ఒప్పుకుంటె మంచిదాయె. లేకుంటె తొర్రూరు బళ్ళె బయాలజీ చెప్పెటోళ్ళు లేక పిల్లలు పరేషాన్ అయితాండ్రు" అనేసి మెట్లు దిగి వెళ్ళిపోయారు.

దాచుకోవడమెందుకు, భయమేసింది. రోజూ బస్సులో పోయిరావాలని కాదు. సంవత్సరం నడుమ పదో తరగతిని వదిలిపోవడం నా వల్ల కాదు. నేను పోతే ఆ పాఠం ఎవరు చెబుతారు? లెక్కల సార్ పుస్తకం తెరిచి పైకి చదివేసి, అయిపోయిందంటాడు. అంతకన్నా మంటపుట్టించేది ఇంకోటుంది. నేను తొర్రూరుకు పోయిన రోజున ఆ పిల్లలకు అర్థమయ్యే పాఠం ఏమిటి? ఆధారం అడిగినవాళ్ళను ఊరు దాటిస్తారని కదా.

హెడ్మాస్టరు గారు నన్ను గదిలోకి పిలిచి, కండువాతో నుదురు తుడుచుకుంటూ, "మీరేం ఫికర్ చేయకుండ్రి మేడం" అన్నారు. ఆయన ఫికర్ చేయొద్దన్నారంటే పరిస్థితి చేయిదాటినట్టే లెక్క. తర్వాత గొంతు తగ్గించి, "జర సోంచాయించుండ్రి. సగం మార్కులు వేస్తె ఎట్లుంటది? సగం జంతువు, సగం మనిషి అని రాసిండ్రు గద, సగం జవాబు లెక్క" అన్నారు. అంత భయంలోనూ నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వారు, ఏడుపు మొహంతో.

నా కోపం మాత్రం తెలుగు సార్ మీదే. మధ్యాహ్నం నా డబ్బా తెరవకముందే అందుకున్నాను.

"అన్నా, నీ చప్పట్లు వచ్చి నా నెత్తిన పడ్డయ్."

"నేనేమన్న చెల్లే? మీ సైన్సును మెచ్చుకుంట నాలుగు మాటలు చెప్పిన. అది గూడ తప్పేనా?"

"తాబేలు పంది అయితదా?"

"గంత కొసకు పట్టుకుంటె ఎట్ల? కొంచెం అటిటు ఉంటది. సారం తీసుకోవాలె."

"సారం అంటె నాకేం పేచీ లేదు. అక్షరాల జరిగిన చరిత్ర అన్నవ్, సైన్సు సాక్ష్యం అన్నవ్. సాక్షిని పిలిచినంక సాక్షి చెప్పింది ఇనాలె గద. తాబేలు నుంచి పంది రాలేదని నీ సాక్షే చెప్తాంది."

"అంటే మా పురాణం ఉత్తదంటవ్!" ఆయన గొంతు లేచింది. స్టాఫ్ రూమంతా చెంచాలు ఆపి చూస్తున్నారు.

"ఉత్తదనలే. ఒక్కటి చెప్పు. రేపు సైన్సోళ్ళు, దొర చెప్పిందాంట్ల ఇది తప్పు, అది తప్పు అని దిద్దుకుంటరు. వాళ్ళ పనే అది. అప్పుడు నీ పురాణాన్ని గూడ దిద్దుతవా? దొర సర్టిఫికెట్ పోతె నీ దేవుడు ఫెయిలయితడా అన్నా?"

ఆయన డబ్బా మూత పెట్టి, చెయ్యి కడుక్కుని వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆ వారమంతా ఆయన ఒక మూల, నేనొక మూల తిన్నాం. ఆయన కూరకు వంకపెట్టే అవకాశం లేక నాకు అన్నం చప్పగా అనిపించింది. ఎంత కోపమున్నా మనిషి మీద బెంగ ఆగుతుందా?

ఆదివారం పొద్దున కమిటీ అంతా వచ్చింది. ఆఫీసు గది చాలక పదో తరగతి గదిలోనే కూర్చున్నారు. పెద్ద పెద్ద షావుకార్లు పిల్లల బెంచీల్లో ఇరుక్కుని, మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్నారు. తల్లిదండ్రులతో పాటు మా పిల్లలు కొందరు వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ప్రెసిడెంటు గారు లేచి సంగతంతా చెప్పి, "తెలుగు సారే చెప్తడు, ఇనుండ్రి" అని సార్‌ను పిలిచారు. ఆయన లేచి నిలబడ్డారు, దగ్గారు, నీళ్ళు తాగారు.

అంతలో మెట్ల మీద గాజుల చప్పుడు వినిపించింది. ప్రెసిడెంటు గారి తల్లి. కొడుకు ఎంత పెద్ద షావుకారైనా, దుకాణంలో గల్లాపెట్టె తాళాలు ఇప్పటికీ ఆమె బొడ్లోనే ఉంటాయని బజారులో అందరికీ తెలుసు. మనవరాలి భుజం పట్టుకుని, ఆయాసపడుతూ లోపలికి వచ్చింది. కమిటీ మొత్తం లేచి నిలబడబోయి బెంచీలకు తగులుకుని కూలబడింది.

"ఎవరయ్యా, మా సామిని పూర్తిగ తయారు గాలేదన్నది?"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ప్రెసిడెంటు గారు, "అమ్మా, నువ్వెందుకొచ్చినవే, ఇది బడి పంచాయితీ" అన్నారు. ఆమె వినిపించుకోకుండా మనవరాలిని ముందుకు తోసింది. "చెప్పవే, పొద్దుగాల చదివినవ్ గద, చెప్పు."

సంగతేమిటంటే, ప్రెసిడెంటు గారు బిడ్డతో, నువ్వు రాసిందే కరెక్టు, దాన్నే ఇంకా మంచిగా బట్టీ పట్టు, మేడం మార్కులు ఎట్లా వేయదో చూస్తానని చెప్పారట. ఆ పిల్ల పొద్దున్నే ఇంటి మెట్ల మీద కూర్చుని గట్టిగా చదవసాగింది. లోపల పూజ చేసుకుంటున్న నాయనమ్మ చెవిన పడింది.

పిల్ల తల వంచుకుని అప్పజెప్పింది. "నరసింహావతారము జంతువునకు మనిషికి నడుమ ఉన్న మధ్యదశ. పూర్తిగా ఎదగని ఈ జీవి నుండి క్రమముగా మానవుడు ఏర్పడెను."

ముసలామె తెలుగు సార్ వైపు తిరిగింది. "పంతులూ, మధ్యదశ అంటె ఏంది?"

"అంటే... నడిమిట్ల అన్నట్టు పెద్దమ్మా."

"నడిమిట్లనా? మా సామి నడిమిట్ల ఆగిపోయిండా? దుకాణంల కొత్త బట్టల బేలు ఇప్పితె మొదటి గుడ్డ సామి ముంగట పెడ్తం. మా అత్తమ్మ పెట్టింది, నేను పెడ్తాన, నా కోడలు పెడ్తది. మేం ఇన్నేండ్ల సంది సగం నేసిన గుడ్డకు మొక్కుతానమా పంతులూ?"

ఆమె కోపంగా అడగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సైన్సును తిట్టడానికి వచ్చిందనుకున్నాను నేను. ఆమె బాధ వేరేది. దేవుణ్ణి తీసుకుపోయి నా పాఠంలో ఒక మెట్టుగా నిలబెట్టారు, అదీ కింది మెట్టుగా. ఆమెకు గుండె కోసినట్టయింది. ఆ జవాబు నాకెంత తప్పో ఆమెకూ అంతే తప్పు. ఆ గదిలో ఆ క్షణం నా పక్షాన ఉన్న ఒకే ఒక్క మనిషి ఆమేనని తట్టి ఆశ్చర్యపోయాను.

తెలుగు సార్ చేతులు జోడించారు.

"తప్పయింది పెద్దమ్మా. చప్పట్లు కొడ్తాండ్రని చెప్పుకుంట పోయిన. చెల్లె అడిగింది నన్ను, దొర సర్టిఫికెట్ పోతె నీ దేవుడు ఫెయిలయితడా అని. అప్పటిసంది నాకు మింగుడు పడతలేదు. ఆ కథల పసిపిల్లగాడు పిలిచిండు. పిలిస్తె సామి వచ్చిండు, ఎవ్వరూ అనుకోని రూపంల వచ్చిండు. చెప్పాల్సింది గది. నేను అది ఇడిచిపెట్టి సామి గోర్లు, జూలు లెక్కబెట్టుకుంట కూసున్న."

ప్రెసిడెంటు గారికి ఇది నచ్చలేదు. "మరి చరిత్ర అంటివి గద సార్! జరిగిందా, లేదా? అదొక్కటి చెప్పు."

"చరిత్ర అని నేనెట్లంట షావుకారి? నేను చూడలే, రాసినోళ్ళు సాలు తారీఖు ఎయ్యలే. ఆ కథ చెప్పినప్పుడల్లా స్తంభం పగిలే కాడికి వచ్చెవరకు నాకు గొంతు పూడుకపోతది. నాకు తెలిసింది గంతే."

నాకు అప్పటికప్పుడు వెళ్ళి ఆయన పక్కన కూర్చుని ఆ వారం రోజుల కోపమూ తినేయాలనిపించింది. కానీ నా పంచాయితీ ఇంకా తెగలేదు. ముసలామె నా వైపు తిరిగింది.

"నువ్వేనా సున్నా వేసింది? మా సామి లేడని చెప్తవా బిడ్డా పిల్లలకు?"

"లేడనీ చెప్పను, ఉన్నడనీ చెప్పను పెద్దమ్మా. మా పాఠంల చేపలు, కప్పలు, పిల్లులు ఉన్నయ్. సామి పేరే ఎత్తను."

"మరి ఏం చెప్తవ్?"

ప్రెసిడెంటు గారు దీన్ని పట్టుకున్నారు. "అదే, ఏం చెప్తదో మేము గూడ ఇంటం. ఇక్కడనే చెప్పుండ్రి మేడం. ఇన్నంక చేతులెత్తి తేలుస్తం, తొర్రూరా, ఈడనా అని."

ఎంతోమంది ఇన్స్పెక్షన్ ఆఫీసర్ల ముందు పాఠం చెప్పాను కానీ, ఉద్యోగం పందెం కాసి ఎప్పుడూ చెప్పలేదు. రంగు చాక్‌పీసులు తీసుకుని బోర్డు మీద నాలుగు బొమ్మలు గీశాను. మనిషి చెయ్యి, పిల్లి ముందుకాలు, గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు. ఎముకలకు రంగులు వేశాను. పై ఎముకకు అన్నింట్లోనూ ఎరుపు, దాని కింది జంటకు పసుపు, మణికట్టుకు నీలం, వేళ్ళకు తెలుపు. చాక్‌పీసు చేతిలో పడేసరికి భయం దానంతట అదే పోయింది.

"పెద్దమ్మా, మీ చెయ్యి ఇట్లియ్యుండ్రి."

ఆమె ముందు బెంచీలో కూర్చుని చెయ్యి చాపింది. నేను పట్టుకుని చూపించాను. భుజం నుంచి మోచేతి దాకా ఒక్కటే ఎముక. మోచేతి కింద రెండు. మణికట్టు దగ్గర చిన్న చిన్నవి గుంపుగా. తర్వాత ఐదు వేళ్ళు. ఆమె గాజులు వెనక్కి తోసుకుని తన చేతిని తానే తడుముకుంటూ బోర్డు వంక చూసింది.

"గబ్బిలానికి గూడ ఐదేళ్ళా?"

"ఐదే. వేళ్ళు పొడుగైనయ్, నడుమ తోలు పరుచుకున్నది. గొడుగు పుల్లల లెక్క."

"గదేంది, చేప తీరుగ ఉన్నది?"

"తిమింగలం. సముద్రంల ఉంటది. చూడ చేప లెక్కనే ఉంటది గని పిల్లకు పాలిస్తది."

"అది ఈదుతది గద బిడ్డా. ఈదేదానికి ఏళ్ళెందుకు?"

నాకు ఆనందంతో ఆమెను కావలించుకోవాలనిపించింది. మా పిల్లల నోట ఈ ప్రశ్న వినాలని ఎన్నేళ్ళు చూశాను! జవాబు నోటిదాకా వచ్చింది. ఆపుకుని ప్రెసిడెంటు గారి వైపు తిరిగాను.

"షావుకారి గారూ, మీ దుకాణంల లోపలి గోడకు దీపం పెట్టే గూడు ఉన్నదా లేదా?"

"ఉన్నది. చీరెల రాక్ వెనుక."

"బట్టల దుకాణానికి దీపం గూడెందుకు?"

"గదేం ప్రశ్న మేడం? ముందుగాల అది మా తాతల ఇల్లు. తర్వాత దుకాణం చేసుకున్నం. పాత గోడ పాత గోడనే ఉన్నది, గూడెక్కడికి పోతది?" అన్నారాయన చికాగ్గా. అని, ఒక్క క్షణం ఆగి, బోర్డు మీది తిమింగలాన్ని చూశారు.

"గంతే షావుకారి గారూ. దాని తాత ముత్తాతలు నేల మీద నడిచినయ్. మెల్లగ, ఎన్నో తరాలకు నీళ్ళల్లకు పోయినయ్. పని మారింది, ఎముకలు పాతయే. దీన్నే ఆధారం అంటం. నేను పరీక్షల అడిగింది ఇది."

వెనక గోడ దగ్గర పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు. ప్రెసిడెంటు గారి బిడ్డ తన చేతిని ముందుకు చాపి చూసుకుంటూ, "నేను ఇది రాయాల్సి ఉండె" అని తనలో తనే అనుకుంది. కమిటీలోని పప్పుల షావుకారి ఒకాయన, ఎవరూ చూడటం లేదనుకుని, తన మోచెయ్యి నొక్కి చూసుకుంటున్నాడు.

ముసలామె బోర్డు మీది బొమ్మలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. తర్వాత మెల్లగా, సంతోషంగా అంది.

"మనిషికి, పిల్లికి, గబ్బిలానికి, అందరికి ఒకటే చెయ్యి పెట్టిండన్నట్టు సామి."

గదిలో అందరి కళ్ళూ నా మీదికి తిరిగాయి. హెడ్మాస్టరు గారు తల గట్టిగా ఊపుతూ నాకు సైగ చేస్తున్నారు, అవునను, అవునను అని. ఒక్క మాట. అవును పెద్దమ్మా అంటే చాలు, ఆమె మురిసిపోతుంది, కమిటీ చేతులెత్తుతుంది, నా పదో తరగతి నాకు దక్కుతుంది. నాకు ఆమె మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. ఆ ప్రేమకైనా అనేద్దామనిపించింది. వెనక నా పిల్లలు నిలబడి చూస్తున్నారు.

"పెట్టిండని నేను చెప్పలేను పెద్దమ్మా. అది ఈ బోర్డు మీద రాసేది కాదు. చెయ్యి ఒకటే అన్నదాని వరకే నేను చెప్పగలుగుత. అది మాత్రం ఎవరడిగినా చెప్త, ఏ ఊళ్ళె అడిగినా చెప్త."

హెడ్మాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు. ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, చేతులెత్తించడానికి బెంచీలోంచి లేవబోయారు.

ముసలామె కొంగుతో మొహం తుడుచుకుంది.

"నీది నువ్వు చెప్పు బిడ్డా. నాది నాకు తెలుసు" అని నాతో అని, కొడుకు వైపు తిరిగింది. "నువ్వెందుకు లేస్తవ్‌రా? పాఠం సగంలనే ఉన్నది. ఈమెను తొర్రూరుకు తోలితె మిగిలింది ఎవరు చెప్పాలె, నువ్వు చెప్తవా? కూసో."

ప్రెసిడెంటు గారు మోకాళ్ళు బెంచీలో ఇరికించుకుని కూర్చున్నారు.